యానాములోని అన్నమ్మగారి దేవాలయము

గోదావరి ధవళేశ్వరమునకు దిగువఁ బాయలై విడిపోయి సాగరమును జేరు ప్రదేశమున, గౌతమీశాఖ యుత్తరపుటొడ్డున, ఆత్రేయ యనఁబడు కోరంగియేఱు దానినుండి చీలు చోట యానాము వెలసి యున్నది. సప్తసాగరయాత్ర చేయువారికి ఈ తావు చిరపరిచితము. విస్తీర్ణమున ముప్పది చదరపు కిలోమీటర్లకు మించని యీ సీమ చుట్టును తెలుఁగునేలయే యైనను, రెండువందల సంవత్సరములకుఁ బైఁగా పరాసువారి యేలుబడిలో నుండి, నేఁడు పుదుచ్చేరి ప్రాంతమున కంగమై యున్నది. ఇచ్చటి రోమను కథోలికుల పెద్దదేవాలయము ఏసునాథుని మాతామహి యగు అన్నమ్మగారి పేరఁ బ్రతిష్ఠితము. ఐరోపా రీతిని గట్టఁబడిన ఈ కట్టడము 1846 వ సంవత్సరమునఁ బూర్తియయ్యెను.

చూచువారు పలువురు ఈ 1846 అను నంకెను జదివి తృప్తిపడి మరలిపోవుదురు. దేవాలయమునకు జన్మసంవత్సర మదియే యని వ్రాయువారును గలరు. అది సరికాదు. పునాది వేయించినవాఁడు మిషెల్ లెక్నాం అను ఫ్రెంచిగురువు. ఆయన నిర్మాణము ముగియకమున్నే 1836 ఏప్రిల్ 30 వ తేదీన గాలధర్మము నొందెను. కావున పునాది 1836 నకు ముందటిది, ముగింపు దానికిఁ బదియేండ్ల తరువాతిది. ఒక గ్రామదేవాలయమునకుఁ బదియేండ్లు పట్టుట యేల? గోడలు లేచుచుండఁగా దేశమునకేమి జరిగెను? ఈ ప్రశ్నలకు సమాధానము వెదకినఁగాని ఈ కట్టడము యొక్క చరిత్ర తెలియదు.

ముందుగా యానాము పూర్వవృత్తాంతము కొంత చెప్పవలయును. ఫ్రెంచి వర్తకసంఘమువారు 1723 లో నిచ్చట నొక వర్తకస్థానమును నెలకొల్పిరి. లాభము చాలమి 1727 లో దానిని మూసివైచి, మరల 1731 లోఁ దెఱచిరి. బుస్సీదొర నిజాముకడ నుత్తరసర్కారులను సంపాదించినపుడు యానాము వెలుఁగొందెను. 1758 డిసెంబరులో చందుర్తికడ కాన్‌ఫ్లాన్సు ఫోర్డుచేత నోడిపోయిన పిమ్మట ఆ వెలుఁగు కొండెక్కెను. అటుపై ఇంగ్లీషువారు పట్టుకొనుట, సంధి జరిగినపుడు తిరిగి యిచ్చుట, యుద్ధము రాఁగానే మరలఁ బట్టుకొనుట. 1763 లో తిరిగి వచ్చినది 1778 లోఁ బోయెను. దానిని మరల మరలించుకొన్న తరువాత 1793 లో నింకొకసారి పోయెను. 1814, 1815 సంవత్సరముల సంధులపైఁగాని ఫ్రెంచివారికిది స్థిరముగా దక్కలేదు. ఏ యేఁట నెవరి జెండా యెగురునో తెలియని యూరఁ బాకగుడి వేసికొందురు గాని ఇటుకలగుడి గట్టరు. పక్కాదేవాలయమున కుద్యమము పందొమ్మిదవ శతాబ్దమున మూఁడవ దశాబ్దము గడచిన తరువాతఁగాని తలయెత్తకపోవుట సహజమే.

కథోలికమతము మాత్రము తెలుఁగువారికి యానాముతోఁ బ్రారంభమైనది కాదు. పదునెనిమిదవ శతాబ్దమున కర్ణాటకమిషను అను పేర ఏసుసభకుఁ జెందిన ఫ్రెంచిగురువులు రాయలసీమయందును గుంటూరు మండలమునందును సంచరించి, తెలుఁగును సంస్కృతమును నేర్చిరి. వారిలోఁ గాల్మెట్టు వేదగ్రంథములను సంపాదించి పారిసునకుఁ బంపెను. కేర్‌దూ (1691–1779) అనునాతఁడు సంస్కృతమునకును లాతీను గ్రీకులకును గల చుట్టఱికమును 1767 లో పారిసు పండితసభకు నిరూపించి వ్రాసెను. 'దేవః–దేయుస్', 'విధవా–విదువా', 'దానమ్–దోనుమ్' మొదలగు జంటలను జూపి, ఇవి యొకదానినుండి మఱియొకటి యెరవు తెచ్చుకొన్నవి కావనియు మూలమందే యేకమనియు వాదించెను. విలియం జోన్సుదొర 1786 లోఁ జేసిన ప్రసంగమును లోకమెల్ల నెఱుఁగును. దానికి పందొమ్మిదేండ్లు ముందుగాఁ దెలుఁగుసీమ నెఱిఁగిన పాదిరి యదే మాట వ్రాసెనని యెఱిఁగినవారు తక్కువ. కేర్‌దూ వ్రాఁత 1808 వఱకు నచ్చుపడకపోవుటయే దానికిఁ గారణము. అదే శతాబ్దమున మంగళగిరి ఆనందకవి 'వేదాంతరసాయనము' అను క్రైస్తవప్రబంధమును రచించెను. కాఁబట్టి యానాములో నిటుకపై నిటుక పేర్చుటకుఁ బూర్వమే క్రైస్తవమునకుఁ దెలుఁగుభాషలో నొక గుడి కట్టఁబడి యుండెను.

1773 లో ఏసుసభ రద్దుకాఁగా, వారి తెలుఁగుదేశపు పని 1776 లో పారిసు విదేశమిషను సంఘమువారి చేతికి వచ్చెను. అపుడు ఫ్రాన్సులో విప్లవము, తదుపరి నెపోలియను యుద్ధములు. గురువులు వచ్చుట నిలిచిపోయెను. ఒక్కొక్క గురువు వందలక్రోశుల మేర తిరుగవలసి వచ్చెను. ఈ దుర్దశను స్వయముగాఁ జూచినవాఁడు క్లెమాఁ బొన్నాం. ఆయన తెలుఁగుసీమలోఁ బనిచేసి, తరువాతఁ బుదుచ్చేరిలో మేత్రాణియై 1861 వఱకు నాపదవి నలంకరించెను. లెక్నాంగారి మరణమునాఁటికి యానాము ఈ యేర్పాటులో నుత్తరపుఁగొనకుఁ బడిన యొక చిన్నస్థానము. పుదుచ్చేరినుండి సముద్రముమీఁద వచ్చినఁ గొన్నిదినములు, మెట్టదారిని వచ్చిన వారములకొలఁది ప్రయాణము. ఒక్కగురువు మరణించిన వెంటనే రెండవవాఁడు వచ్చి నిలుచుట కాకాలమున వీలులేదు.

ఇఁక దేశస్థితి. నందననామ సంవత్సరమున (1832–33) వచ్చిన డొక్కలకఱవు గుంటూరు కృష్ణామండలములనే గాక గోదావరి మండలమును గూడఁ గుదిపివైచెను. అప్పటి కానకట్ట లేదు. వానలు పడినపుడు వఱద, పడనపుడు కాటకము. మంట్‌గోమరీదొర 1844 లో నీ మండలము దుస్థితిని విచారించెను. ఆ కాలపు ప్రభుత్వలెక్కలలో నొక్కటి చాలును. రాజమహేంద్రవరము జిల్లా జనసంఖ్య 1821 లో 7,38,308. 1841 లో 5,61,041. ఇరువదియేండ్లలో లక్షయు డెబ్బదియేడువేల పైచిలుకు జనము తఱిఁగిరి. కొందఱు చచ్చిరి, కొందఱు వలసపోయిరి. యానామునుండియే 1828 మొదలు కూలివాండ్ర నోడలకెక్కించి బూర్బోను దీవికిఁ గొనిపోవుచుండిరి. మారిషసులో నేఁటికిని దెలుఁగువారిని కోరంగీలని పిలుచుటయు, బర్మాలో నదే పేరు వాడుటయు నీ తీరమునుండి వెడలిన యోడల జ్ఞాపకమే.

ఈ కఱవుపై 1839 నవంబరు 25 వ తేదీన కోరంగితీరమును దుపాను కొట్టెను. సముద్రము లేచి యూళ్లపైఁ బడెను. కోరంగి రేవు తరువాత మరల లేవలేదు. యానాము దానికి కూఁతవేటు దూరమున నున్నది. ఈ యుత్పాతమున మూఁడులక్షలమంది మరణించిరని యనేక గ్రంథములలో నొకరి నొకరు చూచి వ్రాయుచున్నారు. ఆ మాట నమ్మఁదగినది కాదు. పైఁ జెప్పిన లెక్కను జూడుఁడు. ఇరువదియేండ్ల కాలములో, నొక మహాక్షామమును గలుపుకొని, మొత్తము జిల్లాలో తఱిఁగినవారే లక్షయు డెబ్బదియేడువేలు. అందొక్క రేవుచుట్టు నొక్కరాత్రిలో మూఁడులక్షలు పోవుట యెట్లు సంభవించును? జనక్షయము ఘోరమనుట నిజము. సంఖ్య మాత్రము కల్పితము. దుఃఖమున కతిశయోక్తి యలంకారము గాదు. దానివలన నిజముగాఁ జచ్చినవారు లెక్కకు రాకుండఁ బోవుదురు.

ఇచ్చటనే 'సైక్లోను' అను మాట పుట్టుకను గూడఁ జెప్పుట యుచితము. 1789 డిసెంబరులో కోరంగిని ముంచిన తుపానును, మఱికొన్నిటిని విమర్శించి, కలకత్తా నివాసియగు హెన్రీ పిడింగ్‌టను 1848 లోఁ దన నావికగ్రంథమున నీ పదమును గల్పించెను. అది వలయార్థకమగు గ్రీకు 'కుక్లోస్' నుండి వచ్చినది; ఆ 'కుక్లోస్' మన 'చక్ర' శబ్దమునకు సోదరము. కేర్‌దూ చూపిన చుట్టఱికము తుపానుగాలిలోఁ గూడ మఱుఁగుపడక యున్నది.

కాఁబట్టి 1836 నకును 1846 నకును నడుమ నున్న పదియేండ్లు ఆలస్యములు గావు. పునాదివేసిన గురువు పోయెను. కూలిచేయువారు కఱవునకుఁ జెదరిరి. మూఁడేండ్లకు సముద్రము వచ్చెను. అట్టిస్థితిలో సగము లేచిన గోడలను విడిచిపెట్టినచో నెవ్వరును దప్పుపట్టఁజాలరు. విడువలేదు. ఆగమశాస్త్రములలో నూతనప్రతిష్ఠకంటె జీర్ణోద్ధారమున కధికఫలము చెప్పఁబడినది. సగములో నిలిచినదానిని ముగించుట జీర్ణోద్ధారమున కేమియుఁ దీసిపోదు. లెక్నాంగారి పేరు నిలిచినది. పని ముగించిన మేస్త్రీల పేరులు గాని, సున్నము రుబ్బినవారి పేరులు గాని చరిత్రలోని కెక్కలేదు. మన దేవాలయముల శాసనములలో దాతపేరుండి శిల్పిపేరు లేకుండుట కిదియు దోడే.

ధవళేశ్వరముకడ కాటనుదొర యానకట్ట పనిని 1847 లోఁ బ్రారంభించి 1852 లో ముగించెను. అనఁగా నన్నమ్మగారి దేవాలయము పూర్తియైన మఱుసటియేఁట ఆనకట్ట మొదలిడఁబడెను. నేఁడు డెల్టాయనఁగానే కన్నులకుఁ గట్టు పచ్చనిచేలు, కాలువలు, ధాన్యపుఁగొట్లు – ఇవన్నియుఁ దరువాతివి. ఆ గుడిని గట్టినవారికిఁ దెలిసిన గోదావరి వేఱు.

అన్నమ్మగారి నామమును గూర్చి యొకమాట. ఫ్రాన్సుదేశమున పశ్చిమతీరమందలి బ్రెతాఞ్ అను మండలమునకు నీమె యధిష్ఠాత్రి. అచ్చటి యోడవాండ్రు తుపానులో నీమెను దలఁతురు. ఫ్రెంచి వర్తకసంఘముయొక్క యోడలు బయలుదేఱు రేవు లోరియాఁ పట్టణ మాబ్రెతాఞ్‌లోనిదే. ఆ పేరునకుఁ దూర్పు అని యర్థము. తూర్పుతీరపు రేవున నోడవాండ్ర తల్లి వెలయుట ఆకస్మికము కాకపోవచ్చును. లాతీనులో 'అన్నా' యైనది తెలుఁగులో స్త్రీవాచకమునకుఁ దగిన 'అమ్మ' చేరి అన్నమ్మ యయ్యెను. వినువారికి మాత్ర మది అన్నముపెట్టు తల్లి యని తోఁచును. శబ్దవ్యుత్పత్తి కిది విరుద్ధమే. డొక్కలకఱవు చూచినవారి వ్యుత్పత్తి వైయాకరణుల యనుమతికై కాచుకొని యుండదు. ఈమె యుత్సవదినము జూలై 26. ఆదినములలో గౌతమి యెఱ్ఱనీటితో నిండి ప్రవహించుచుండును.

కట్టడమును గూర్చి విమర్శించునపుడు ముందుగాఁ దెలియవలసినది, డెల్టాలో ఱాయి లేదు. ఎంత త్రవ్వినను ఒండ్రుమట్టియు నిసుకయుఁ దప్ప వేఱొకటి కానరాదు. ద్రాక్షారామ భీమేశ్వరాలయమునకు ఱాతిని బైనుండియే తెప్పింపవలసి వచ్చెను. చక్రవర్తులకు సాధ్యమైనది గ్రామపు పాదిరికి సాధ్యము గాదు. కావున నీతీరమున నైరోపారీతి కట్టడములకెల్ల నిటుక, సున్నము, కలప యనునవియే శరణము. ఒండ్రు ఇటుకకు మంచిది. సున్నమునకు సముద్రపుఁ గుల్లలను గాల్చి గుల్లసున్నము చేయుదురు. దానిని గానుగలో నిసుకతో రుబ్బి, బెల్లపునీరు కరక్కాయనీరు చేర్చి, దినములకొలఁది మాఁగనిచ్చి వాడుదురు. కలపకు మాత్రము గోదావరియే బండి. ఎగువ మన్యమున నఱికిన టేకుదూలములను దెప్పలుగాఁ గట్టి నీటిపై విడిచినచో డెల్టాకుఁ దామే చేరును. మంగుళూరుపెంకు 1865 తరువాతఁగాని పుట్టలేదు. ఆనాఁడున్నవి గూనపెంకును, సున్నపుమిద్దెయు, తాటాకును. సిమెంటు మాట యీతీరమున నెవరు నెఱుఁగరు.

ఇట్లు ద్రవ్యము దేశీయము, రూపము విదేశీయము. ఈ రెంటిని గలిపినవాఁడు మేస్త్రి. ఆ మాటయు పోర్చుగీసునుండి వచ్చి తెలుఁగులో నిల్లు గట్టుకొన్నదే. 'పాదిరి' యు నట్టిదే. ఐరోపారీతి దేవాలయమునకును మన దేవాలయమునకును భేదము గోపురములలోఁ గాదు, నేలకొలతలో నున్నది. మన గర్భగృహము చిన్నది, చీఁకటిది. అందు ప్రవేశించువాఁ డర్చకుఁ డొక్కఁడే. జనము మండపములలోను బ్రాకారములోను నిలిచి దర్శించి వెడలిపోవుదురు. ద్రాక్షారామమున గర్భగృహము రెండంతస్తులై, పై యంతస్తునుండి లింగశిరస్సు నర్చింతురు. అంతటి మహాలయమందును గర్భగృహములోఁ బట్టువారు కొలఁదిమందియే. కథోలికుల పూజ సమష్టిపూజ. ఊరివారందఱు నొక్కకప్పుక్రింద నొక్కవేళఁ గూడి నిలువవలయును. అందువలన వారి గుడికి వెడల్పైన, నిడుపైన, స్తంభములడ్డురాని నడుమగది ముఖ్యాంగము. కప్పునకు దూలములు పొడవుగా నుండవలయును. గోడలు దానిభారమును మోయఁదగిన మందము కలవై యుండవలయును. ఉక్కపోసెడి తీరమున వందలజనము కూడునపుడు గాలి యాడుటకుఁ గప్పు ఎత్తుగాను గవాక్షములు పెద్దవిగాను నుండవలయును. ఐరోపాలో నెత్తైన కప్పు మహిమకొఱకని చెప్పుదురు. గోదావరితీరమున నది ప్రాణమునకుఁ గూడ నవసరము.

ఈ నడుమగదికి లాతీనుభాషలో 'నావిస్', ఫ్రెంచిలో 'నెఫ్'. రెంటికిని నోడ యని యర్థము. సంస్కృతపు 'నౌ' శబ్దమే యది. లోకసాగరమున విశ్వాసులను దాఁటించు నావ యని క్రైస్తవపండితుల వ్యాఖ్యానము. దూలములు వాసములు పైకిఁ జూచినచో బోర్లించిన యోడకడుపువలె నుండుట మఱియొక హేతువు కావచ్చును. పొరుగుననే తాళ్లరేవు, కోరంగి యోడలు గట్టుటలో పేరుపొందిన తావులు. కలప వంచుటయు, నతుకుటయు, నీటికి నిలుచునట్లు బిగించుటయు నచ్చటివారికి కులవిద్య. ఓడకును గుడికప్పునకును వడ్రంగము చాలవఱకొక్కటియే. ఐరోపాలో రూపకముగా మిగిలిన పదము ఈ సీమలో వాచ్యార్థమునకు మిగుల దగ్గఱగా నుండెను.

బలిపీఠమును, చిత్రపటములును, లోపలి యలంకారసామగ్రియు నైరోపాదేశములనుండి వచ్చినవి. ఓడకు బరువు కావలయును గదా యని దొరలు చలువఱాతిపలకలును విగ్రహములును దెచ్చుచుండుట యానాఁటి రేవులన్నిటను గలదు. ఇందువలన గుడిలోపల రెండుభాగములు స్పష్టముగా విడివడును: చుట్టును నీరుపట్టిన తీరమున నెదిరించి నిలుచు దేశీయపుగోడలు, వానిమధ్య విదేశము నుండి వచ్చి నిలిచిన పీఠము. కళాప్రియులు పీఠము నెదుట నిలిచి గోడలవైపు చూడరు. ఉప్పుగాలికిని వఱదనీటికిని నూటడెబ్బదియేండ్లకుఁ బైఁగా నిలిచినవి గోడలేయని గుర్తుంచుకొనుట మంచిది.

పూర్వపద్ధతిని గురువు పీఠమువైపు తిరిగి, జనమునకు వీఁపు చూపి, లాతీనుభాషలోఁ బూజ నడుపుచుండెను. 1962–65 సంవత్సరములలో జరిగిన రెండవ వాటికను మహాసభ పిమ్మట పూజ దేశభాషలోనికి వచ్చెను. గురువు జనాభిముఖుఁ డయ్యెను. దీనివలనఁ బాతదేవాలయములలో పీఠస్థానమే మాఱవలసి వచ్చెను. అంతకుముందు నూఱుసంవత్సరములకుఁ బైఁగా యానాములోని జాలరులును, కూలివాండ్రును 'క్రేదో' యని మొదలిడు విశ్వాసప్రమాణమును అర్థమెఱుఁగకయే వినిరి. 'క్రేదో' యనునది వేదమందలి 'శ్రద్ధా' శబ్దముతో నేకమూలకము. గోదావరిగట్టున నొకవైపు శ్రద్ధాసూక్తమును, మఱియొకవైపు క్రేదోను జదువుచుండిన వారెవ్వరికిని దామొక్కమాటయే పలుకుచున్నట్లు తెలియదు.

తెలుఁగుకథోలికుల పరిభాష ప్రత్యేకముగాఁ బరిశీలింపఁదగినది. దేవునికి సర్వేశ్వరుఁడనియు, బాప్తిస్మమునకు జ్ఞానస్నానమనియు, రొట్టెరూపమున స్వీకరించుదానికి సత్ప్రసాదమనియు, గురువధీనములోని ప్రాంతమునకు విచారణయనియు, నాగురువునకు విచారణకర్త యనియు, పీటరునకు రాయప్పయనియు, పాలునకుఁ జిన్నప్పయనియు వారు వాడుదురు. ఇందుఁ గొన్ని మధురమండలమున రాబర్టు డి నోబిలి (1577–1656) నాఁటి తమిళసంప్రదాయమునుండి వచ్చినవి. ప్రొటెస్టెంటులు గ్రీకుశబ్దము నటులే నిలిపి బాప్తిస్మ మనిరి. వీరు జ్ఞానస్నాన మనిరి. తెలియనివానికి మొదటిది శబ్దమాత్రము, రెండవది యర్థము. ఈ విషయమునఁ గథోలికులదే మేలైన మార్గమనక తప్పదు. 'మేత్రాసనము' అను పదము మాత్రము విచిత్రము. గ్రీకుమూలకమై సిరియామార్గమున మలయాళము చేరిన 'మేత్రాన్' శబ్దమును సంస్కృతపు 'ఆసన' శబ్దముతో సమసింపఁజేసిరి. లక్షణకర్తలు దీనిని వైరిసమాస మనఁగలరు. ఐనను ప్రయోగము స్థిరపడినది. 'మేత్రాసన' మనక వేఱొకటి యనినచోఁ దెలుఁగుకథోలికుల కర్థము గాదు.

గుడి పూర్తియైన 1846 వ సంవత్సరమే మఱియొక మార్పునకును మొదలు. అనెసీ పట్టణమునకుఁ జెందిన ఫ్రాన్సిసు సాలెసువారి సభ గురువులు 1845 లోఁ బుదుచ్చేరిని జేరి, 1846 లో విశాఖపట్టణమునకు వచ్చిరి. గోదావరినుండి యోఢ్రసీమవఱకును, లోపల నాగపురివఱకును విస్తరించిన మహాప్రదేశము వారి వశమయ్యెను. 1850 లో విశాఖపట్టణము ప్రత్యేకవిభాగమై, 1886 లో మేత్రాసనమయ్యెను. వీరు ఫ్రెంచిభాష మాటాడువారేగాని యప్పటికి ఫ్రెంచిప్రజలు కారు. అనెసీ యున్న సవాయి మండలము 1860 వఱకు సార్డీనియా రాజునకుఁ జెందినది. ఫ్రెంచిజెండా క్రింది గుడికిని, ఇంగ్లీషుజెండా క్రింది జనమునకును మధ్య నీ సార్డీనియాప్రజలు ధర్మోపదేశకులై తిరిగిరనుట విశేషము. వారి వెంట అనెసీలోని జోజప్పగారి సభకుఁ జెందిన మఠకన్యలు 1849 లో యానామునకే మొట్టమొదట వచ్చిరి. విశాఖపట్టణము మొదలగు పెద్దయూళ్లలో వారు పిమ్మట స్థాపించిన బాలికాపాఠశాలల కీ యేటిగట్టుపల్లె తొలిమెట్టు. డెల్టాలోఁ దరువాతఁ బుట్టిన మేత్రాసనము ఏలూరు. అది 1976 లో నేర్పడెను.

యానాములో నింకొక చిన్నగుడి గలదు. మిట్టమీఁద వెలసిన దేవమాతగుడి యది. ఒక ఫ్రెంచినావికుఁడు నడిసముద్రమునఁ దుపానులోఁ జిక్కి, తల్లిని మ్రొక్కుకొని, బ్రదికి బయటపడి దీనిని గట్టించెనని స్థలపురాణము. ప్రతిసంవత్సరము మార్చినెలలో నిచ్చట నుత్సవము జరుగును. మతభేదము పాటింపక చుట్టుప్రక్కల జనము వచ్చి మ్రొక్కుబడులు దీర్చుకొందురు. మ్రొక్కుకొని గుడికట్టుట యన్నిమతములకును సమానమే. కాని సముద్రము లేచి వచ్చెడి యూరిలో మిట్టమీఁదఁ గట్టుటకు భక్తియొక్కటియే కారణమనుట కష్టము. 1789, 1839 సంవత్సరములు జ్ఞప్తియందున్న జనమునకు పల్లమెక్కడనో మిట్టయెక్కడనో యొకరు చెప్పనక్కఱలేదు. పెద్దగుడి ఫ్రెంచిప్రభుత్వపు నీడను పెరిగినది. చిన్నగుడి సముద్రభయమునఁ బుట్టినది. జనుల యాదరము రెండవదానిపై నెక్కువగా నుండుట వింత గాదు.

1954 జూను 13 వ తేదీన విమోచనోద్యమకారులు యానామును స్వాధీనపఱచుకొనిరి. నవంబరు 1 వ తేదీన ఫ్రెంచిపరిపాలనము తొలఁగెను. 1962 ఆగస్టు 16 న శాసనరీత్యా విలీనము ముగిసెను. ఆ యుద్యమనాయకుని పేరు దడాల రఫేలు రమణయ్య. ఇంటిపేరు తెలుఁగు, నడిమిపేరు హీబ్రూ దేవదూతది, కడపటిపేరు వేంకటరమణునిది. యానాము చరిత్రను సమాసముగాఁ గూర్చినచో నింతకంటె సంక్షేపముగాఁ గుదురదు. ఫ్రెంచివారు పోవుటతో గుడి విదేశీయమను మాటకు మిగిలిన కొంచె మాధారమును బోయినది. కొలుచువారు తెలుఁగువారు, పూజ తెలుఁగు.

ఫ్రెంచివారు విడిచిపోయినవానిలో నమూల్యమైనవి జననవివాహమరణముల పట్టికలు. వాని ప్రతులు ఫ్రాన్సులోని ఎక్స్ అను పట్టణమందలి వలసరాజ్యముల దస్తావేజుల భాండారమున భద్రపఱుపఁబడి యున్నవి. అందు యానాము పేరు 'యానఓఁ' అని తుది ముక్కుతోఁ బలుకునట్లు వ్రాయఁబడినది. ఫ్రెంచివారి యీ యనునాసికము మన యరసున్నకు మిగుల దగ్గఱిది. తెలుఁగువారు వాడుకలోఁ బోఁగొట్టుకొన్నదానిని పరాసువ్రాయసకాఁడు తెలుఁగూరి పేరునఁ బదిలపఱచెను. తెలుఁగుపేరులను ఫ్రెంచియక్షరములలో నెట్లు వ్రాసిరో పరిశీలించినచో నాకాలపు తీరాంధ్రపు టుచ్చారణ కొంత తేలును. భాషాశాస్త్రజ్ఞులు వీనిని ముట్టి చూడవలసి యున్నది.

కట్టడము విషయమున మఱియొక తొందర కలదు. 1986 ఆగస్టులోను 2022 జూలైలోను గోదావరి పొంగి యానామును ముంచెను. 1996 నవంబరు 6 న కోనసీమను దుపాను కొట్టెను. ఇట్టి యుపద్రవము జరిగిన ప్రతిసారియుఁ దీరమందలి పాతగుడులకు మరమ్మతు తప్పదు. మరమ్మతనఁగానే సిమెంటు. సున్నపుగోడ తేమను బీల్చి తిరిగి విడుచును. దానిపై సిమెంటు పూసినచోఁ దేమ లోపలనే చిక్కి, ఉప్పు పేరుకొని, ఇటుక పొడియై రాలును. పైకి గోడ క్రొత్తదివలె మెఱయుచుండును. గుల్లసున్నమును గానుగ రుబ్బఁగల మేస్త్రీలు డెల్టాలో నానాఁటికిఁ దగ్గిపోవుచున్నారు. 2011 లెక్కలలో 55,626 జనము గల యూరికి నట్టి పనివాండ్రను గొందఱి నుంచుకొనుట భారము కాదు. వారి చేతిపని నిలిచియున్న కాలముననే ఈ తీరపు టైరోపారీతి గుడులన్నిటి నేలకొలతలు, గోడల మందములు, కలప యతుకులు కొలిచి పటములు గీయించుట పరిషత్తులు చేయఁదగిన పని. అందు మొదట గీయవలసినది అన్నమ్మగారి దేవాలయముయొక్క కప్పు.